గాజు తొట్టెలో పగడములు



పగడము అను మాట మనకు క్రొత్త కాదు. నవరత్నములలో దానికి స్థానము కలదు. నల్లపూసల నడుమ పగడములను గ్రుచ్చి ధరించుట మన స్త్రీలకు తరతరముల ఆచారము. అయినను ఆ ఎఱ్ఱని పూస గనిలో దొరకిన రాయి కాదనియు, సముద్రములో బ్రదికిన ఒక జీవి కట్టుకొనిన గూటి తునక యనియు ఎఱిగినవారు కొలదిమందియే. నగలకు వాడు పగడము విశేషముగా మధ్యధరా సముద్రమునుండి వచ్చును. నేటి ప్రసంగమునకు విషయమైనవి దానికి దాయాదులనదగిన వేఱొక తెగ పగడములు. ఇవి వెచ్చని సముద్రములలో, వెలుగు చొచ్చునంతటి లోతున బ్రదుకుచు, వేల ఏండ్లుగా ఒకదానిపై నొకటి గూళ్లు కట్టుటచే పెద్ద దిబ్బలను ఏర్పఱచును. మన లక్షద్వీపములు ఇట్టి దిబ్బల మీద నిలిచినవే.

ఈ పగడములను ఇంటిలో, గాజు తొట్టెయందు, ఏండ్ల తరబడి బ్రదికించువారు నేడు జర్మనీ, ఇంగ్లండు, అమెరికా, జపాను మొదలగు దేశములలో పెక్కుమంది కలరు. వారిలో శాస్త్రజ్ఞులు కొలదిమంది. తక్కినవారు తమ పనులు ముగించుకొని సాయంకాలము తొట్టెముందు కూర్చుండు గృహస్థులు. సముద్రమునకు దూరముననున్న పల్లెవారికి ఈ ముచ్చట ఎందులకని మీరడుగవచ్చును. ఇది మొదట పెంపకపు విద్య. పాడిని, పైరును, పండ్లతోటను పెంచి తల నెరసిన మీకు దీనిలోని మర్మము పట్టణవాసులకంటె సులువుగా బోధపడును. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. ఈ చిన్న తొట్టెలలో నేర్చిన విద్య నిజమైన సముద్రమున నశించుచున్న కొన్ని జాతులను నిలుపుటకు అక్కఱకు వచ్చుచున్నది. దానిని కడపట మనవి చేసెదను.

మొదట పగడమన నేమో చూతము. పగడపు జీవి పువ్వువలె నుండును. మెత్తని గొట్టమువంటి చిన్న దేహము, దాని కొనను నోరు, నోటి చుట్టును చిఱుచేతులు. ఆ చేతులతో నీటిలో కొట్టుకొనివచ్చు సూక్ష్మప్రాణులను పట్టి నోటికి అందించుకొనును. కావున ఇది జంతువే గాని మొక్క కాదు. అయితే దాని దేహములోపల, కంటికి కనబడనంతటి నాచు కాపురముండును. ఆ నాచు సూర్యకాంతితో ఆహారమును సిద్ధము చేసి, అందులో చాలభాగమును తనకు చోటిచ్చిన జీవికి అప్పగించును. జీవి విడిచిన మలినమును నాచు ఎరువుగా గ్రహించును. కంది, మినుము, వేరుసెనగ మొక్కల వేళ్లమీది బుడిపెలలో సూక్ష్మజీవులు చేరి పైరునకు సత్తువనిచ్చుట మీరెఱిగినదే. ఇదియు అట్టి పొత్తే. వెలుగు బాగుగా నున్నచోట పగడమునకు వలసిన శక్తిలో పదింట తొమ్మిది పాళ్ల వరకు ఈ నాచే సమకూర్చగలదు. ఆ శక్తితో జీవి నీటిలో కరగియున్న సున్నపు ధాతువును గ్రహించి, తన క్రింద రాతిగూటిని కట్టుకొనును. ఇట్లు ఒక్క పగడమునందే జంతువు, నాచు, రాయి మూడును కలిసియున్నవి. దానిని పెంచుట కష్టమగుటకు మూలము ఇదియే. జంతువునకు వలసినది జంతువునకు, నాచునకు వలసినది నాచునకు, రాతికి వలసినది రాతికి, ఏకకాలమున ఒకే నీటిలో అందింపవలెను.

నీరు మితిమీఱి కాగినను, వెలుగు ఒక్కసారి పెరిగినను ఈ పొత్తు చెడును. జీవి తనలోని నాచును వెడలగొట్టును. పగడపు వన్నెలో పెద్దపాలు నాచుదే గనుక, అది పోయిన పిమ్మట పలుచని చర్మము క్రిందనుండి తెల్లని గూడు కనబడును. దీనినే తెల్లబాఱుట యందురు. తెల్లబాఱిన పగడము వెంటనే చచ్చినది కాదు. అది ఆకలితో నున్నది. పరిస్థితి త్వరలో చక్కబడినచో నాచు మరల చేరి జీవి కోలుకొనును. చక్కబడనిచో కొలది వారములలో మరణించును.

ఒకప్పుడు పగడమును తొట్టెలో బ్రదికించుట జరుగని పని యని తలచెడివారు. తెచ్చిన పగడములు కొలదినాళ్లలో కుళ్లెడివి. చచ్చిన వాని గూళ్లను కడిగి, తెల్లగా చేసి, చేపల నడుమ అలంకారముగా నుంచెడివారు. 1961లో జకార్తా నగరవాసియైన లీ చిన్ ఎంగ్ అను నతడు తన పద్ధతిని ఒక అమెరికా పత్రికలో ప్రకటించెను. అతడు సముద్రమునుండి సూక్ష్మప్రాణులతో నిండిన రాళ్లను తెచ్చి తొట్టెలో పేర్చి, గాలిబుడగలతో నీటిని కదల్చి, వెలుగు తగులనిచ్చెను. నీటిని శుభ్రపఱచు పనిని ఆ రాళ్లలోని ప్రాణులకే విడిచెను. పిమ్మట 1970 దశకమున ఐరోపాలో పీటర్ విల్కెన్స్ సున్నపు తేటను వాడు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. 1980 దశకమున బెర్లిను నగరములో డీట్రిష్ స్ట్యూబర్ మొదలగువారు జీవముగల రాళ్లు, నురుగు తీయు యంత్రము, బలమైన దీపములు, సున్నపు తేట అను నాలుగింటిని ఒక్కచోట కూర్చిరి. దానికి బెర్లిను పద్ధతి యను పేరు నిలిచినది. స్ట్యూబరుగారి తొట్టెలో పెరిగిన కొమ్మపగడపు తునకలు చేతులు మాఱుచు ఐరోపాయందలి అనేక గృహములకు చేరినవి. మల్లె కొమ్మను విఱిచి నాటినట్లే పగడపు కొమ్మను విఱిచి రాతికి అతికించినచో అది అక్కడనే పట్టుకొని పెరుగును.

ఇక ఆ పద్ధతిలోని పనులను వరుసగా చెప్పెదను. పగడములను పెంచువాని శ్రమలో అధికభాగము నీటికే చెల్లును. సముద్రపు నీటియందు లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. ఇది వంటయుప్పు మాత్రమే కాదు. నౌపడవంటి చోట్ల ఉప్పుమళ్లను చూచినవారికి ఈ సంగతి తెలియును. ఉప్పు పేరుకొనిన తరువాత మిగిలిన చేదునీటిని తీసివైతురు. మెగ్నీషియము మొదలగు ధాతువులు చాలభాగము ఆ నీటితోనే పోవును. కావున వంటయుప్పు కలిపిన నీరు పగడమునకు సముద్రము కానేరదు. నూతినీటిలోను, కుళాయినీటిలోను పగడమునకు సరిపడని లవణములుండును గనుక మొదట వానినన్నిటిని వడపోసి తీసివేసి, ఆ శుద్ధజలములో లెక్కప్రకారము సమస్త ధాతువులను కూర్చిన ఉప్పును కరగింతురు.

తొట్టెలోని నీరు దినదినము ఆవిరియై తగ్గును. నీరు పోవును గాని ఉప్పు పోదు. అందుచేత తగ్గినంత మేరకు ఉప్పునీటిని గాక మంచినీటినే చేర్చవలెను. అదియు నాలుగు దినములకొకసారి బిందెడు గాక, ఏనాటి లోటు ఆనాడు తీర్పవలెను. బిందె యనగానే మఱియొక హెచ్చరిక చెప్పవలసియున్నది. రాగి పాత్రలోని నీరు మనకు ఆరోగ్యమని పెద్దలందురు. పగడమునకు రాగి విషము. లేశమాత్రము కరగినను చాలును. చేపల రోగములకు వాడు మందులలో కొన్నిటియందు రాగి యుండును. అట్టి మందు పడిన తొట్టెలో పగడములు బ్రదుకవు. ఇత్తడి వస్తువులను గూడ ఆ నీట తగులనీయరాదు.

క్రొత్త తొట్టెలో నీరు పోసిననాడే పగడమును దింపరాదు. పచ్చిపేడను చేనికి తోలినచో పైరు మాడుననియు, అదియే మాగిన పిమ్మట బలమగుననియు రైతునకు చెప్పనక్కఱలేదు. తొట్టెయందును ఇట్టిదే జరుగును. జీవుల మలినమునుండి పుట్టు అమ్మోనియా విషము. ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, మఱియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. ఈ రెండు తెగలును రాళ్లపై స్థిరపడుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. కష్టసాధ్యములైన పగడములకు తొట్టె ఏడాది పాతబడుట మేలని అనుభవజ్ఞులందురు.

నురుగు తీయు యంత్రమును గూర్చి ఒక్కమాట. చెఱకురసము కాచునపుడు మీదికి తేలు మలినపు నురుగును తెడ్డుతో తీసివైతురు గదా. ఈ యంత్రమును అదే పని చేయును. నీటిలోనికి సన్నని గాలిబుడగలను పంపగా, కుళ్లుటకు సిద్ధముగానున్న పదార్థము బుడగలకు అంటుకొని పైకి తేలి, వేఱొక గిన్నెలోనికి పొర్లిపోవును. కుళ్లకముందే తీసివేయుటచే నీటికి భారము తగ్గును.

సున్నపు తేట మనకు పరిచితమైన వస్తువే. శుద్ధమైన సున్నమును శుద్ధజలములో కలిపి, అడుగున పేరినదానిని కదల్పక పైనున్న తేటను మాత్రమే గ్రహింతురు. లీటరు నీటిలో సుమారు ఒకటిన్నర గ్రాము సున్నమే కరగును. ఎక్కువ వేసినను అడుగునకు దిగును. ఆ తేటను బొట్టుబొట్టుగా, విశేషముగా రాత్రివేళ, తొట్టెలో పడనిత్తురు. రాత్రి నాచునకు వెలుగు లేమిచే నీటి క్షారగుణము కొంత తగ్గును. తేట దానిని నిలబెట్టును. పగడము గూడు కట్టుటకు వలసిన ధాతువును సమకూర్చును. ఒక్కసారిగా చెంబెడు క్రుమ్మరించినచో అదే తేట ప్రాణము తీయును. పగడముల రాశి పెరిగి, తేట చాలనప్పుడు తక్కిన లవణములను విడివిడిగా కొలిచి చేర్తురు.

ఇక వెలుగు, అల, వేడి. నేటివారు నీలపుకాంతి యధికముగా గల విద్యుద్దీపములను వాడుచున్నారు. సముద్రములో లోతునకు చొచ్చు వెలుగు విశేషముగా నీలపుదే. క్రొత్తగా తెచ్చిన పగడమును ఆ దీపము క్రింద సూటిగా నుంపరు. తమలపాకు తోట పెంచినవారికి అవిసె నీడ విలువ తెలియును. అట్లే పగడమును మొదట తక్కువ వెలుగున నుంచి, కొన్ని వారములలో క్రమముగా పైకి జరుపుదురు. నీరు ఒకే దిక్కునకు ఏటివలె పాఱక, దిబ్బమీద అల విఱిగినట్లు అటునిటు కదలుచుండవలెను. అందుచే మలినము తొలగును, ఆహారము చేరును, జీవి ఊపిరి పీల్చును. వేడి 25 మొదలు 27 డిగ్రీల సెంటీగ్రేడు నడుమ నిలువవలెను. విద్యుత్తు కొన్ని గంటలు ఆగిపోయినచో అలయు ఆగును, నీటిలో ప్రాణవాయువు తఱుగును. అందుచే బుద్ధిమంతులు గాలిబుడగలను పంపుటకైనను వేఱొక ఆధారమును సిద్ధముగా నుంచుకొందురు.

ఇన్నియు సమకూరిన తొట్టెలోను కొన్ని పగడములు బ్రదుకవు. కష్టసాధ్యములని పేరుపడినవి ఇవియే. ఒక్కొక్కటి ఒక్కొక్క కారణమున కష్టమైనది. ఆ కారణమును కనిపెట్టినవాడే దానిని పెంచగలడు.

మొదటిది ఆక్రొపోరా అను కొమ్మపగడము. దీనికి ఆకలి పెద్దది కాదు, వేగము పెద్దది. కొన్ని జాతులు ఏడాదికి నాలుగంగుళములకు పైగా పెరుగును. ఇంత వేగముగా రాతిగూటిని కట్టు జీవికి సామగ్రి ఒకనాడు నిండుగను, ఒకనాడు కొఱతగను ఉండరాదు. నీటి క్షారత్వమును కొలుచు జర్మను కొలమానమున 7 మొదలు 9 వరకు మంచిదందురు. 8 వద్ద నెలల తరబడి నిలిచిన తొట్టెలో ఆక్రొపోరా వర్ధిల్లును. నేడు 7, రేపు 10 అయిన తొట్టెలో దాని చర్మము కొనలనుండియో, మొదటనుండియో ఒలిచినట్లు ఊడిపోవును. కాల్షియము లీటరునకు 400 మొదలు 450 మిల్లీగ్రాములు, మెగ్నీషియము సుమారు 1300 మిల్లీగ్రాములు నిలుపుదురు. అంకెలు సరిగా నుండుట యెంత ముఖ్యమో అవి కదలకుండుట అంత ముఖ్యము.

రెండవది గోనియోపోరా. చూచుటకు పూలకుండవలె నుండును. పొడుగైన కాడల చివర ఇరువదినాలుగేసి చిఱుచేతులు గల పువ్వులు నీటిలో ఊగుచుండును. ఆ యందమునకు మోహపడి ఎందఱో కొనిరి. చాలకాలము వారి ఇండ్లలో అది ఏడాది తిరుగకముందే నశించుచుండెను. చచ్చుట ఒక్కనాడు గాదు. దినదినము పువ్వు కొంచెము తక్కువగా విచ్చుకొనును, కాడ కొంచెము పొట్టియగును. వెలుగున్నది, నీరు శుభ్రమైనది, అయినను ఏల కృశించుచున్నదో తెలియకపోయెను. ఈ పగడమునకు నాచు పెట్టు తిండి మాత్రమే చాలదనియు, మిక్కిలి సన్నని ఆహారమును నీటిద్వారా తఱచుగా అందింపవలెననియు క్రమముగా తెలిసికొనిరి. నేడు దానిని ఏండ్ల తరబడి పెంచి, తునకలుగా పంచుచున్నవారున్నారు.

మూడవది ట్యూబాస్ట్రియా. దీనికి సూర్యపగడమని వాడుక పేరు. పేరు సూర్యునిదైనను ఇది వెలుగు నాశ్రయింపదు. దీనిలో నాచు కాపురము లేదు. సముద్రమున గుహల కప్పులక్రింద చీకటిలో నుండి, రాత్రివేళ చేతులు చాచి ఎర పట్టుకొనును. కావున ఇంటివాడే ప్రతి పువ్వునకును విడివిడిగా చిన్న రొయ్యతునకలవంటి మేత నందింపవలెను. తల్లిలేని దూడకు పాలు పట్టినట్టి పని ఇది. పది దినములు పట్టి పదకొండవ దినమున విసుగు చెందువాడు దీనిని తేరాదు. అట్లు మేపుటచే నీరు మలినమగును. ఆ మలినమును తీయగల శక్తి తొట్టెకున్నప్పుడే ఇది తగును. ఇదే తెగలో డెండ్రోనెఫ్తియా అను మెత్తని పగడములు కలవు. కెంపులు తాపించిన చెట్లవలె నుండును. ఇవి ఎడతెగక సూక్ష్మాహారమును కోరును. అనుభవజ్ఞుల ఇండ్లలోనే తఱచుగా ఆకలితో మరణించును. వానిని అంగడిలో చూచి, మెచ్చుకొని, కొనక తిరిగివచ్చుటయే వానిపై దయ.

ఇట్టి నష్టములకు కారణము అశ్రద్ధయే యని మీరు తలచెదరేమో. అశ్రద్ధచే చచ్చునవి కొన్ని. అతిశ్రద్ధచే చచ్చునవియు చాల కలవు. పగడము కొంచెము ముడుచుకొనగానే దానిని చోటు మార్చుట, మరునాడు దీపము పెంచుట, మూడవనాడు మందు పోయుట, నాలుగవనాడు సగము నీరు తీసి క్రొత్తనీరు పోయుట; ఇట్లు ప్రతిదినమును ఒక మార్పు చేసినచో దేనిచే మేలు కలిగినదో, దేనిచే కీడు కలిగినదో తెలియదు. జీవి ఒక మార్పునకు అలవాటు పడకముందే రెండవది వచ్చిపడును. నెమ్మదిగల పెంపకందారు ముందుగా కొలుచును, పుస్తకములో వ్రాసికొనును, ఒక్క మార్పు చేసి కొన్ని దినములు వేచియుండును.

శుభ్రతయందును ఇదే నీతి. నైట్రేటు, ఫాస్ఫేటు బొత్తిగా లేని నీరే శ్రేష్ఠమని చాలకాలము నమ్మిరి. ఫాస్ఫేటు బొత్తిగా కఱవైనచో, నాచునకు ఎరువులు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ యగుటచే, పగడము వేడికిని వెలుగునకును త్వరగా తెల్లబాఱునని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిరి. చేనికి ఒక్క యెరువే గుమ్మరించి తక్కినవానిని మఱచిన రైతునకు ఇది వింత కాదు.

మన దేశమునకు సంబంధించిన ఒక సంగతిని స్పష్టముగా చెప్పవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద, 2001 నుండి, దిబ్బలు కట్టు రాతిపగడములకు పులికి, ఏనుగునకు ఉన్నట్టి కట్టుదిట్టమైన రక్షణ కలదు. మన తీరమునుండి వానిని తీయుట, అమ్ముట నేరము; చచ్చిన తునకకును ఇది వర్తించును. ఈ చట్టము ఊరక పుట్టినది కాదు. మన్నారు సింధుశాఖలో, తూత్తుకుడి ప్రాంతమున, పగడపు రాళ్లను త్రవ్వి సున్నమునకు తరలించిన కాలము కలదు. దిబ్బ అలలను ఆపు గోడ. అక్కడి 21 దీవులలో విలంగుచల్లి, పూవరసన్‌పట్టి అను రెండు దీవులు నేడు నీట మునిగియున్నవి. త్రవ్వకమే దీనికి ముఖ్యకారణమని పరిశోధకులు చెప్పుచున్నారు. ఆ దీవులను 1986లో సముద్ర జాతీయోద్యానముగా ప్రకటించిరి.

త్రవ్వకము చట్టముచే ఆగవచ్చును గాని వేడి ఆగదు. సముద్రము సాధారణముగా మిక్కిలి వెచ్చగా నుండు నెల సగటును ఒక్క డిగ్రీ మీఱి, నాలుగు వారములు అట్లే నిలిచినచో పగడములు తెల్లబాఱ నారంభించును. లోకమంతటను వ్యాపించిన అట్టి విపత్తు నాలుగవసారి వచ్చినదని 2024 ఏప్రిల్ నెలలో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 2023 జనవరి మొదలు 2025 మార్చి వరకు లోకములోని పగడపు దిబ్బలలో నూటికి 84 పాళ్లకు తెల్లబాఱునంతటి వేడి తగిలినది. ఒక్క డిగ్రీ యననేమో కాగితముమీద చదివినవారికంటె తొట్టెముందు కూర్చుండి చూచినవారికి బాగుగా తెలియును.

ఇక్కడనే గాజుతొట్టె విద్య సముద్రమునకు తోడువచ్చినది. పగడములు అనేక జాతులలో ఏడాదికొకసారి, పున్నమి దాటిన కొలది రాత్రులలో, గ్రుడ్లను బీజమును నీటిలోనికి విడుచును. తొట్టెలో వానిచే అట్లు సంతానము కనిపించుట చాలకాలము సాధ్యము కాలేదు. లండనులోని హార్నిమన్ ప్రదర్శనశాలవారు 2012లో ఆరంభించిన ప్రయత్నమున సూర్యోదయ సూర్యాస్తమయములు, వెన్నెల వృద్ధిక్షయములు, ఋతువులనుబట్టి నీటి వేడి, వీనినన్నిటిని తొట్టెమీద అనుకరించి, పగడములచే అనుకొనిన కాలమునకు గ్రుడ్లు విడిపింపగలిగిరి. వారి విధానమును 2017లో అందఱికి తెలియునట్లు ప్రచురించిరి.

అమెరికాలోని ఫ్లారిడా తీరమున స్తంభపు పగడమను నొక జాతి కలదు. 2014లో మయామి సమీపమున మొదట కనబడిన ఒక వ్యాధి రాతిపగడములను వరుసగా తినివేయుచు, ఆ జాతిని ఆ తీరమున దాదాపు నిర్మూలించినది. మిగిలిన తునకలను ముందుచూపుతో ఏరి ఒడ్డునగల తొట్టెలలో భద్రపఱచిరి. 2019 ఆగస్టులో ఫ్లారిడా అక్వేరియమునందు, హార్నిమన్ వారి విధానమును అనుసరించి, ఆ తునకలు గ్రుడ్లు విడిచినవి. అట్లాంటిక్ సముద్రపు పగడము ఒకటి ప్రయోగశాలలో కల్పించిన ఋతుచక్రమున సంతానము కనుట అదియే మొదలు. 2023 వేసవిలో ఆ సముద్రము అసాధారణముగా కాగినపుడు, నీటిలో ఏర్పఱచుకొనిన పగడపు నారుమళ్లనుండి వేలకొలది తునకలను ఒడ్డు మీది తొట్టెలకు తరలించి కొంత రక్షించిరి. ఉప్పు కలుపుట, నురుగు తీయుట, క్షారత్వము నిలుపుట, తునక నతికించుట మొదలగు పనులలో చాలవరకు మొదట ఇండ్లలోని తొట్టెలయందే పదును తేరిన విద్యలు.

దీనివలన తొట్టె సముద్రమునకు బదులని తలపరాదు. విత్తనములు గాదెలో భద్రముగా నున్నను చేను లేనిదే పంట లేదు. దాచిన పగడమును మరల నాటుటకు చల్లని, శుభ్రమైన సముద్రము మిగిలియుండవలెను. విత్తనము నిలుపువాడు చేనికి మంచి కాలము వచ్చునని నమ్మి నిలుపును; ఆ కాలమును తెచ్చుట లోకమంతటి బాధ్యత.

విదేశమున స్థిరపడిన మీ కొడుకో మనుమడో ఇట్టి తొట్టెను పెట్టుకొనదలచి మీతో ప్రస్తావించినచో, మీరు చెప్పదగిన మాటలు కొన్ని కలవు. సముద్రమునుండి తీసినదానిని గాక, వేఱొకరి తొట్టెలో పెరిగిన కొమ్మ తునకనే తెచ్చుకొమ్మనుడు. గట్టి పగడములను ఏడాది పెంచి, కష్టమైనవానిని పిమ్మట చేపట్టుమనుడు. ముద్దబంతివలె గుంపుగా పెరుగు జోయాంథసు జాతులలో కొన్నింటియందు ప్రాణాంతకమైన విషము కలదు. అవి అంటిన రాతిని వేడినీట కాచినచో ఆ ఆవిరి ఇంటివారికే ప్రమాదము, కావున అట్లు చేయవలదనుడు. ప్రయాణము పోవునపుడు నమ్మకమైనవారికి అప్పగించి పొమ్మనుడు. పసువులను పెంచిన ఇంటివారికి ఈ కడపటి మాటను వివరింప నక్కఱలేదు. నోరులేని ప్రాణిని గడపలోనికి తెచ్చినవాడు, దాని దినపు మేతకును దినపు నీటికిని తాను బద్ధుడయ్యెనని ఎఱుగవలెను. అంత తీరిక, అంత ఓపిక లేనివాడు పగడపు దిబ్బను చిత్రములో చూచి సంతోషించుటలో లోపమేమియు లేదు.